ఆర్‌ఎఫ్‌ఐడీ పేటెంట్లు: మీ జాగా ఎంతో తేల్చుకోండి

మీకో ఆలోచన వచ్చింది. మిర్చి బస్తాకో, ఆసుపత్రి దుప్పటికో, గొర్రె చెవికో చిన్న రేడియో ట్యాగ్ తగిలిస్తే లెక్కల తలనొప్పి తీరిపోతుందనిపించింది. పొద్దున్నే గూగుల్‌లో ‘ఆర్‌ఎఫ్‌ఐడీ పేటెంట్’ అని కొట్టారు. కుప్పలు తెప్పలుగా ఫలితాలు వచ్చిపడ్డాయి. ‘మనకంటే ముందే అందరూ చేసేశారు’ అనుకుని ఆలోచనను అటకెక్కించేశారు.

లేదా కథ ఇంకోలా నడిచింది. ‘గుంటూరు మిర్చి ఆర్‌ఎఫ్‌ఐడీ’ అని కొట్టారు. ఒక్కటీ రాలేదు. ‘ఇది మనదే’ అని సంబరపడి, అప్పు తెచ్చి మరీ తయారీకి దిగిపోయారు.

ఈ ఇద్దరిలో ఎవరిది పెద్ద పొరపాటు? ఇద్దరిదీ ఒకటే పొరపాటు. ఇద్దరూ వెతికామనుకున్నారు కానీ వెతకలేదు.

‘ఎవరైనా చేశారా?’ అన్న ప్రశ్నతో మొదలుపెడితే ఆర్‌ఎఫ్‌ఐడీలో జవాబు ఎప్పుడూ ‘చేశారు’ అనే వస్తుంది. అడగాల్సింది అది కాదు. చేసినవాళ్లు ఎంతవరకు తమదన్నారు? నాకు ఎంత మిగిలింది? పేటెంట్ల వెతుకులాటంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది. దీనికి లా చదవక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, ఇంటర్నెట్, కొన్ని సాయంత్రాల ఓపిక ఉంటే చాలు.

ముందు ఇది తేల్చుకోండి: మీకు ఏ జవాబు కావాలి?

చాలామంది రెండు వేర్వేరు ప్రశ్నలను కలిపేసి తికమకపడతారు.

మొదటిది: ‘నాకు పేటెంట్ వస్తుందా?’ దీనికి ప్రపంచమంతా వెతకాలి. ఏ దేశమైనా, ఏ కాలమైనా, గడువు తీరిన పేటెంటైనా, పత్రికలో అచ్చయిన వ్యాసమైనా మీకు అడ్డే. హ్యారీ స్టాక్‌మన్ అనే ఇంజనీరు, తిరిగి వచ్చే రేడియో తరంగాలతో సమాచారం పంపడం గురించి 1948లోనే వ్యాసం రాశాడు. అది పేటెంటు కాదు. అయినా ఆ సూత్రం కొత్తదని ఇవాళ ఎవరూ అనలేరు.

రెండోది: ‘నేను తయారుచేసి అమ్మితే ఎవరైనా అడ్డుకుంటారా?’ దీనికి మీరు తయారుచేసే, అమ్మబోయే దేశాల్లో ఇప్పుడు అమల్లో ఉన్న పేటెంట్లు చూస్తే చాలు. అమెరికాలో మాత్రమే ఉన్న పేటెంటు నరసరావుపేటలో మీ తయారీని ఆపలేదు. కానీ మీరు అక్కడికి ఎగుమతి చేసిన రోజున అదే పేటెంటు ఎదురు నిలుస్తుంది.

ఒకే కాగితం ఈ రెండు ప్రశ్నలకూ రెండు రకాల జవాబులు ఎలా ఇస్తుందో చూడండి. మారియో కార్డుల్లో అనే అమెరికన్‌కు 1973 జనవరి 23న ఒక పేటెంటు దక్కింది. రాసుకోవడానికి వీలైన మెమరీ ఉన్న ట్రాన్స్‌పాండర్, అంటే అడిగిన సంకేతానికి బదులిచ్చే పరికరం అది. పైగా అవతలి నుంచి వచ్చే తరంగం నుంచే తనకు కావాల్సిన కరెంటు తీసుకోగలదు. అప్పటి అమెరికా చట్టంలో గడువు మంజూరు తేదీ నుంచి 17 ఏళ్లు. అంటే 1990లో తీరిపోయింది. కాబట్టి ఆ పద్ధతిని మీరు నిక్షేపంగా వాడుకోవచ్చు. అదే పద్ధతి మీద మీకు పేటెంటు వస్తుందా? జన్మలో రాదు.

నోటుపుస్తకంలో మొదటి పేజీ మీద ఈ రెండింటిలో మీ ప్రశ్న ఏదో రాయండి. రెండూ కావాలంటే రెండు పేజీలు పెట్టండి. కలపొద్దు.

ఇక పని మొదలుపెడదాం

1. ఆలోచనను ఒక్క వాక్యంలో రాయండి, ‘ఆర్‌ఎఫ్‌ఐడీ’ అన్న మాట వాడకుండా.

కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాల ఉదాహరణే తీసుకుందాం. ‘బస్తాలకు ఆర్‌ఎఫ్‌ఐడీ పెట్టడం’ అని రాస్తే అది ఆలోచన కాదు, కోరిక. అసలు ఇబ్బంది ఎక్కడ వచ్చింది? యూహెచ్‌ఎఫ్ (అల్ట్రా హై ఫ్రీక్వెన్సీ) ట్యాగులను నీళ్లు దెబ్బతీస్తాయి. తేమ ఆ తరంగాలను పీల్చేస్తుంది, లోహం తిప్పికొడుతుంది. చల్లటి గదిలోంచి బస్తా బయటికి రాగానే గోనె మీద చెమ్మ పడుతుంది. గేటు దగ్గరి రీడర్ కొన్ని బస్తాలను చూడదు. అప్పుడు మీరు ట్యాగ్‌ను మూతి కుట్టులో పెట్టి, దానికీ సరుకుకూ మధ్య ఫోమ్ ముక్క వేశారు. రీడింగ్ బాగుపడింది.

ఇప్పుడు వాక్యం ఇలా రాయండి: ‘తేమ ఉన్న సరుకు బస్తాలో, కుట్టు దగ్గర, సరుకుకు ఎడంగా నిలబెట్టిన రేడియో ట్యాగ్.’ మీ కొత్తదనం ఇందులోనే ఉండాలి. లేకపోతే ఎక్కడా లేదు.

2. వాక్యాన్ని ముక్కలు చేయండి.

ట్యాగ్ ఎక్కడ ఉంది? సరుకుకు ఎడం ఎలా వచ్చింది? రీడర్ ఎక్కడ ఉంది? చదివిన నంబరుతో సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది? ఒక్కో ముక్కను విడిగా వెతకండి. గేటు రీడర్, గోదాము లెక్కల సాఫ్ట్‌వేర్ గురించి ఇప్పటికే కొండంత సాహిత్యం ఉంది. అక్కడ టైమ్ వృథా చేసుకోకండి. కుట్టు, ఎడం అన్న రెండు ముక్కల మీద మీ సాయంత్రాలు ఖర్చుపెట్టండి.

3. మాటల జాబితా తయారుచేయండి.

కార్డుల్లో పేటెంటు సారాంశంలో ‘ఆర్‌ఎఫ్‌ఐడీ’ అని వెతికి చూడండి. దొరకదు. ట్రాన్స్‌పాండర్, ఇంటరాగేషన్ సిగ్నల్, ఆన్సర్‌బ్యాక్, బేస్ స్టేషన్, ఇవీ అందులోని మాటలు. ఆర్‌ఎఫ్‌ఐడీ అన్న పొట్టిపేరుకు గుర్తింపు వచ్చింది 1983లో చార్లెస్ వాల్టన్ పొందిన పేటెంటుతోనని చెబుతారు. ఆ పేరు నమ్ముకుని వెతికితే పాత తరం మొత్తం మీ కళ్లబడకుండా పోతుంది. కొత్తవాళ్లు కూడా అందరూ ఆ మాటే వాడరు.

కాబట్టి ట్యాగ్ కోసం ట్రాన్స్‌పాండర్, ఇన్‌లే, స్మార్ట్ లేబుల్, ఎలక్ట్రానిక్ ట్యాగ్, కాంటాక్ట్‌లెస్ ఐసీ కార్డ్ అని రకరకాలుగా కొట్టండి. రీడర్ కోసం ఇంటరాగేటర్, స్కానర్ అని చూడండి. పనితీరు కోసం బ్యాక్‌స్కాటర్, నియర్ ఫీల్డ్, ఇండక్టివ్ కప్లింగ్ ఉన్నాయి. బస్తా కోసం సాక్, బ్యాగ్, ఫ్లెక్సిబుల్ కంటైనర్. ఇవన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి. ఒక మంచి పేటెంటు దొరికినప్పుడల్లా అందులోని కొత్త మాటలు ఈ జాబితాలో చేర్చండి. మూడో సాయంత్రానికి జాబితా రెట్టింపు కాకపోతే మీరు పేటెంట్లు చదవడం లేదన్నమాట, శీర్షికలు చూసి వదిలేస్తున్నారు.

4. మాటలు వదిలి కోడ్ పట్టుకోండి.

రాసినవాళ్లు ఏ మాట వాడినా, ఏ భాషలో రాసినా, పేటెంటు కార్యాలయాలు ప్రతి దరఖాస్తుకూ ఒక వర్గీకరణ కోడ్ వేస్తాయి. మన పనికి వచ్చేవి ఇవి:

జి06కె 7/10: ట్యాగులు చదివే రీడర్ల వైపు.
జి06కె 19/07, 19/077: చిప్ ఉన్న ట్యాగులు, కార్డులు, వాటి నిర్మాణం.
హెచ్01క్యూ 1/22: వస్తువులో కలిసిపోయిన యాంటెనాలు.
జి08బి 13/24: షాపుల్లో దొంగతనాన్ని పట్టే ట్యాగులు.
ఎ01కె 11/00: పశువుల గుర్తింపు.
జి07బి 15/06: టోల్ వసూలు.
బి65డి 33/00: సంచులు, బస్తాల వివరాలు.

మిర్చి బస్తాకు ట్యాగ్ నిర్మాణం కోడ్‌నూ బస్తాల కోడ్‌నూ కలిపి వెతికి చూడండి. ఫలితాలు చదవదగ్గ సంఖ్యకు దిగుతాయి. ఏ కోడ్ వాడాలో తెలియకపోతే ఎలా? మీ ఆలోచనకు దగ్గరగా ఉన్న ఒక్క పేటెంటు పట్టుకుని, దాని మొదటి పేజీ మీద ఏ కోడ్‌లు వేశారో చూడండి. అవే మీవి.

5. పక్క పరిశ్రమల్లోకి తొంగిచూడండి.

మీ సమస్య మిర్చిది కాదు, తేమది. తేమతో ఇంకెవరు కుస్తీ పడుతున్నారు? లాండ్రీలవాళ్లు. ఆసుపత్రి దుప్పట్లలో కుట్టే ట్యాగ్ వేడినీళ్లు, ఇస్త్రీ తట్టుకోవాలి. రక్తం సంచుల మీద ట్యాగులు అంటించేవాళ్లు. నీళ్ల సీసాలు, మందు సీసాలవాళ్లు. మీ ఫోమ్ ముక్కలాంటిదే వాళ్లలో ఎవరో ముందే వేసి ఉండొచ్చు. పేటెంటు కార్యాలయంలో మీ దరఖాస్తు చూసే పరిశీలన అధికారి సీసా పేటెంటునూ బస్తా పేటెంటునూ పక్కపక్కన పెట్టి ‘ఈ రెండూ తెలిసినవాడికి మీ ఆలోచన తట్టదా?’ అని అడుగుతాడు. ఆ ప్రశ్న ఆయన అడగకముందే మీరు వేసుకోవాలి.

6. నాలుగు గుమ్మాలూ ఎక్కండి.

గూగుల్ పేటెంట్స్‌తో మొదలుపెట్టండి. వాడకం తేలిక, చైనా, జపాన్ పేటెంట్లకు అనువాదం కూడా చూపిస్తుంది. తర్వాత ఐరోపా పేటెంటు కార్యాలయం నడిపే ఎస్పాసెనెట్. కోడ్‌లతో వెతకడానికి, ఒకే ఆవిష్కరణ ఏయే దేశాల్లో దాఖలైందో ఒకేచోట చూడడానికి ఇది బాగుంటుంది. అంతర్జాతీయ దరఖాస్తులకు ప్రపంచ మేధో సంపత్తి సంస్థవారి పేటెంట్‌స్కోప్. మన దేశం సంగతి తేలాలంటే భారత పేటెంటు కార్యాలయంవారి ఇన్‌పాస్. అందులో ప్రచురితమైన దరఖాస్తులు, మంజూరైన పేటెంట్లు రెండింటినీ చూడండి. నాలుగూ ఉచితమే.

7. పేటెంటును వెనక నుంచి చదవండి.

శీర్షిక చూసి భయపడటం, సారాంశం చూసి డీలాపడటం అందరూ చేసేదే. హక్కు ఉండేది క్లెయిముల్లో. పొలం దస్తావేజులో చెక్కుబందీ ఎలాంటిదో పేటెంటులో క్లెయిము అలాంటిది. ఊరు పేరు, సర్వే నంబరు ఎంత ఘనంగా ఉన్నా హద్దులు రాసినంత మేరకే పొలం.

ఒక ఊహా క్లెయిము చూద్దాం: ‘ఒక సంచి, ఆ సంచి మూతి కుట్టులో అమర్చిన ట్రాన్స్‌పాండర్, ట్రాన్స్‌పాండర్‌కూ సంచిలోని వస్తువుకూ మధ్య గాలి నింపిన ప్లాస్టిక్ గది, ఇవి కలిగిన ప్యాకేజీ.’ దీన్ని నోటుపుస్తకంలో నిలువుగా రాయండి. ఎదురుగా మీది రాయండి. సంచి, మీకూ ఉంది. కుట్టులో ట్రాన్స్‌పాండర్, ఉంది. గాలి నింపిన గది? మీది ఫోమ్. ఒక్క అంశం తేడా వచ్చినా అక్షరాలా మీరు ఆ హద్దు బయటే ఉన్నారు. అయితే ‘ఫోమ్ కూడా అదే పని అదే తీరులో చేస్తోందిగా’ అని అవతలివాళ్లు వాదించవచ్చు. అక్కడ ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. రేపు పేటెంటు ఏజెంటును అడగాల్సిన ప్రశ్న అదే.

ముందుగా ఒకటో క్లెయిము చదవండి. ‘ఒకటో క్లెయిములో చెప్పిన ప్యాకేజీయే, అయితే...’ అని మొదలయ్యేవి దాని మీద ఆధారపడిన చిన్న హద్దులు. వేరే క్లెయిమును ఎత్తకుండా సొంతంగా నిలబడేవి ఇంకా ఉంటే వాటినీ తప్పకుండా చదవండి.

8. ముందుకూ వెనక్కూ నడవండి.

మంచి పేటెంటు ఒకటి దొరికిందా? అది ఎవరిని ఉదహరించిందో చూడండి, పాతవి దొరుకుతాయి. తర్వాత దాన్ని ఎవరు ఉదహరించారో చూడండి, కొత్తవి దొరుకుతాయి. మాటలతో వంద వెతుకులాటలు చేసినా దొరకనివి ఈ దారిలో దొరుకుతాయి. తిరిగి తిరిగి అవే నంబర్లు ఎదురవుతున్నాయంటే మీ వెతుకులాట ఒక కొలిక్కి వచ్చినట్టే.

9. బతికి ఉందా, ఎక్కడ ఉంది, ఎప్పటిది?

నంబరు చివర అక్షరం చూడండి. అమెరికా, ఐరోపా కాగితాల మీద ‘ఎ1’ అంటే దరఖాస్తు ప్రచురితమైందని మాత్రమే, హక్కు వచ్చిందని కాదు. ‘బి1’, ‘బి2’ అంటే మంజూరైంది. మంజూరైనా ఫీజు కట్టకపోతే చచ్చిపోతుంది. మన దేశంలో మూడో ఏడాది నుంచి ఏటా రెన్యూవల్ కట్టాలి, గరిష్ఠ గడువు దాఖలు తేదీ నుంచి 20 ఏళ్లు. అదే ఆవిష్కరణ భారత్‌లో దాఖలైందో లేదో ఎస్పాసెనెట్ చూపే దేశాల జాబితాలో (దీన్నే పేటెంటు కుటుంబం అంటారు) చూసి, ఇన్‌పాస్‌లో స్థితి సరిచూసుకోండి.

ఒక చీకటి కోణం మాత్రం మిగిలిపోతుంది. దరఖాస్తులు సాధారణంగా 18 నెలల తర్వాతే బయటికి వస్తాయి. నిన్న మొన్న దాఖలైనవి ఎంత వెతికినా మీకు కనబడవు. అందుకే వెతుకులాట తేదీ రాసుకుని, కొన్ని నెలలకోసారి మళ్లీ చూడాలి.

10. ప్రమాణాల చాటున ఉన్న పేటెంట్లను మరవకండి.

మన రోడ్ల మీది ఫాస్టాగ్ యూహెచ్‌ఎఫ్ ట్యాగే. 2021 ఫిబ్రవరి నుంచి టోల్ ప్లాజాల్లో తప్పనిసరైంది. ఇలాంటి ట్యాగులకు ఆధారం జెన్2 అనే ప్రమాణం, 2004లో ఖరారైంది. ప్రమాణం అంటే అందరూ పాటించే నియమం. కానీ ఆ నియమం వెనక కొందరి పేటెంట్లు ఉండొచ్చు. ఇంటర్‌మెక్ అనే అమెరికా సంస్థ 2005లో తన ఆర్‌ఎఫ్‌ఐడీ పేటెంట్లకు లైసెన్సు పథకమే పెట్టింది. మీరు చిప్ తయారుచేయరు, కొంటారు. అయితే కొనేటప్పుడు ఊరుకోకండి. ‘పేటెంట్ల గొడవ వస్తే బాధ్యత మీదేనా?’ అని సరఫరాదారును కాగితం మీదే అడగండి.

ఎక్కువమంది కాలు జారే చోట్లు

‘ఇండియాలో ఎవరూ చేయలేదు, కాబట్టి పేటెంటు నాదే.’ కాదు. పేటెంటు కోసం కొత్తదనాన్ని ప్రపంచమంతటితో పోల్చి చూస్తారు.

‘ముందు ఎక్స్‌పోలో చూపిద్దాం, తర్వాత దాఖలు చేద్దాం.’ మీరే అందరికీ చూపించాక కొత్తదనం ఎక్కడిది? ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనల వంటి కొద్ది మినహాయింపులు చట్టంలో ఉన్నా, వాటిని నమ్ముకుని నడవకండి. కాలేజీ ఫెస్ట్‌లో స్టాల్, యూట్యూబ్ వీడియో, కొనేవాడికి ఇచ్చిన డెమో, అన్నీ ఆ లెక్కలోకే రావచ్చు. ముందు ప్రొవిజనల్ దరఖాస్తు వేయండి. పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల వ్యవధి ఉంటుంది. ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తులకు, స్టార్టప్‌లకు దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలు.

‘నా యాప్‌కు పేటెంటు కావాలి.’ మన పేటెంట్ల చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం కేవలం కంప్యూటర్ ప్రోగ్రాముకు, వ్యాపార పద్ధతికి పేటెంటు లేదు. తెలిసిన పరికరాలను పక్కపక్కన చేర్చి, ఎవరి పని వాళ్లు చేసుకుంటూ పోయే అమరికకు 3(ఎఫ్) అడ్డం. రీడర్ కొని, ట్యాగ్ కొని, ఎక్సెల్‌కు కలిపితే వ్యాపారం కావచ్చు, ఆవిష్కరణ కాదు. తేమలో ట్యాగ్ పలికేలా చేశారే, బలం అక్కడుంది.

‘దగ్గరి పేటెంటు దొరికింది, ఇక అయిపోయింది.’ దొరికినందుకు సంతోషించండి! తయారీకి లక్షలు పోసిన తర్వాత దొరికితే ఏం చేసేవారు? ఇప్పుడైతే దాన్ని తప్పించుకునేలా డిజైన్ మార్చుకోవచ్చు, లైసెన్సు అడగవచ్చు, గడువు తీరేదాకా ఆగవచ్చు. అది మన దేశంలో లేకపోతే ఇక్కడ నిశ్చింతగా వాడుకోవచ్చు కూడా.

‘అంతా నేనే చూసుకుంటాను.’ వెతకడం వరకు మీరే చేయండి. మీ సమస్య మీకంటే ఎవరికీ బాగా తెలియదు. దరఖాస్తు రాయడం, ఒక క్లెయిము మీ వస్తువుకు తగులుతుందా లేదా తేల్చడం మాత్రం పేటెంటు ఏజెంటు పని. రెండు తెలుగు రాష్ట్రాల దరఖాస్తులూ చెన్నై పేటెంటు కార్యాలయం పరిధిలోకి వస్తాయి. గుర్తింపు పొందిన స్టార్టప్ అయితే స్టార్టప్‌ల మేధో సంపత్తి కోసం కేంద్రం పెట్టిన సిప్ పథకం ఇప్పుడు అమల్లో ఉందేమో చూసి, దాని కింద ఫెసిలిటేటర్ల సాయం అడగండి. మీరు నిలువు గళ్లు గీసిన నోటుపుస్తకం పట్టుకుని వెళ్తే ఏజెంటు సమయమూ మీ ఫీజూ రెండూ తగ్గుతాయి.

వెతుకులాట ఎప్పుడు ఆపాలి?

నోటుపుస్తకంలో మూడు విషయాలు తేలినప్పుడు. మీ వాక్యానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న అయిదారు పేటెంట్లు ఏవి? వాటి ఒకటో క్లెయిముతో మీకున్న తేడా ఏమిటి? ఆ తేడా వల్ల ఏ లాభం వచ్చిందో కొలిచి చూపగలరా? మూడోదే అసలైన పరీక్ష. ఫోమ్ లేకుండా వంద బస్తాలు గేటు దాటించి ఎన్ని చదివిందో రాయండి. ఫోమ్ వేసి మళ్లీ వంద దాటించండి. ఆ రెండు అంకెలే మీ దరఖాస్తుకు ప్రాణం.

తేడా చిన్నదని చిన్నబుచ్చుకోకండి. ఈ రంగంలో ఎప్పుడో కొండలు ఎక్కేశారు. ఇప్పుడు వచ్చే పేటెంట్లలో చాలా భాగం కుట్టు దగ్గరా ఫోమ్ దగ్గరా దొరికేవే.

ఇవాళ రాత్రికి చిన్న పని పెట్టుకోండి. గూగుల్ పేటెంట్స్ తెరిచి, ముందు అమెరికా సంకేతం US వేసి 3713148 అని కొట్టండి. కార్డుల్లో పేటెంటు వస్తుంది. బొమ్మలు చూడండి, ఒకటో క్లెయిము చదివి ముక్కలుగా రాయండి. అర్థం కాని చోట ఆగి మళ్లీ చదవండి. రేపు మీ ఆలోచనను ఒక్క వాక్యంలో రాసి, మొదటి వెతుకులాట మొదలుపెట్టండి. ట్యాగులకు ఆర్డరు మాత్రం ఆ తర్వాతే ఇవ్వండి.